పట్నంలో అద్దె యిల్లు: పరాయివూరి వారి లెక్క

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. పట్నంలో పిల్లకు అద్దె యిల్లు కుదిర్చి చూడు అని మూడవది కూడా చేర్చవలసిన కాలము వచ్చినది. మన సంఘములోని కుటుంబాలలో బెంగుళూరుకో, హైదరాబాదుకో, సముద్రాలు దాటియో పిల్లలను పంపని యిండ్లను వ్రేళ్ళమీద లెక్కపెట్టవచ్చును. జీతమెంత అని అందరమూ అడుగుతాము. అద్దె యెంత అని కొందరము అడుగుతాము. ఆ అద్దె యింటిలో మొదటిరోజు కాలు పెట్టడానికి యెంత కావాలని అడిగేవారు తక్కువ. మేమూ అడుగలేదు. అందుచేత మా యింటిలో జరిగిన లెక్కను, మేము చేసిన తప్పులతో సహా, పాఠకులకు మనవి చేస్తున్నాము.

మాది సింధనూరు దగ్గరి తుర్విహాళ. ఈ సీమ సంగతి పాఠకులలో చాలామందికి స్వానుభవమే. 1953లో తుంగభద్ర నీరు కాలువలకు వదలడము మొదలైన తరువాత కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలనుండి రైతులు తరలివచ్చి, క్యాంపులు వేసికొని, జొన్న పండే నల్లరేగడిని వరిమళ్ళుగా మార్చినారు. మా మామగారు 1958లో పదేళ్ళ పిల్లవాడుగా తండ్రి వెంట యిక్కడ బండి దిగినారు. అరవై యేండ్లు దాటినా యిక్కడివారికి మేము ‘ఆంధ్రవాళ్ళము’. కృష్ణాజిల్లా చుట్టాలకు ‘కర్ణాటకవాళ్ళము’. కాబట్టి పరాయివూరిలో నిలదొక్కుకొనే విద్య మాకు తెలుసుననే అనుకొన్నాము. 2024 ఆగస్టులో మా పెద్దమ్మాయికి బెంగుళూరులో వుద్యోగము వచ్చినప్పుడుగాని మాకెంత తెలియదో తెలిసిరాలేదు.

మొదటిరోజు లెక్క

అమ్మాయి జీతము చేతికి నెలకు 45,000 రూపాయలు. పంతొమ్మిదవ తేదీన వుద్యోగములో చేరాలి. తొమ్మిదవ తేదీన బ్రోకరు ఆఫీసుకు దగ్గరలో ఒక చిన్న యిల్లు చూపించినాడు. ఒక పడకగది, హాలు, వంటిల్లు; అద్దె 22,000. సగము జీతము అద్దెకు పోయినా మిగతా సగము చాలునులే అని మావారు అన్నారు. సాయంత్రము అమ్మాయి ఫోనులో మిగతా అంకెలు చదివినది. అడ్వాన్సు ఆరు నెలల అద్దె, అనగా 1,32,000. బ్రోకరుకు ఒక నెల అద్దె, 22,000. మొదటి నెల అద్దె 22,000, మెయింటెనెన్సు 2,500. పొయ్యి, గ్యాసు, పరుపు, గిన్నెలు, బకెట్లు కలిపి తక్కువలో తక్కువ 25,000. మొత్తము వేసి చూస్తే 2,03,500 రూపాయలు. పన్నెండవ తేదీలోగా యివ్వకపోతే యిల్లు మరొకరికి పోతుంది.

బెంగుళూరు అడ్వాన్సు సంగతి తెలియనివారికి ఒక మాట. ఒకప్పుడు అక్కడ పది నెలల అద్దె అడ్వాన్సుగా తీసుకోవడము వాడుక. ఇప్పుడు ఐదారు నెలలకు దిగినచోట్లు చాలా వున్నవి. కేంద్ర మంత్రివర్గము 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టములో నివాసగృహానికి రెండు నెలలకు మించి డిపాజిట్టు కూడదని వున్నది. కాని అది పేరుకు తగినట్లు నమూనాయే. రాష్ట్రము తన చట్టముగా చేసికొన్నచోటనే అది చెల్లుతుంది. యజమాని యెదుట నిలబడిన పిల్లకు చట్టముకంటె వాడుకే పెద్దది.

మా దగ్గర బ్యాంకులో సరిగా రెండు లక్షలున్నవి. అవి యెరువులకు, కలుపు కూలీలకు వుంచినవి. నాట్లు అప్పుడే అయినవి. పిల్ల కోసము అవి తీసి యిచ్చి, యెరువు అప్పు తెచ్చుకొందామని మేమిద్దరము నిశ్చయించుకొన్నాము.

ఆ మరునాడు, ఆగస్టు 10 రాత్రి, తుంగభద్ర ఆనకట్ట పంతొమ్మిదవ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయినది. తెల్లవారి లేచేసరికి క్యాంపులన్నిటా అదే మాట. గేటు నిలబెట్టాలంటే జలాశయము నీరు వదలివేయవలసివస్తుందట; నీరు పోతే పంటేమి అవుతుంది? ఆ వారమంతా మా యింట్లో యెవరూ కడుపునిండా తినలేదు. చివరకు కన్నయ్యనాయుడుగారి వంటి అనుభవజ్ఞుడైన గేట్ల నిపుణుడు పూనుకొని, పారే నీటిలోనే అడ్డుపలకలు దింపించగా, వారము తిరిగేసరికి నీరు నిలిచినది, మా పైరూ నిలిచినది. కాని పదకొండవ తేదీన అది మాకు తెలియదు. తెలిసినదల్లా మరునాడు రెండు లక్షలు కట్టవలెననే.

మామగారి మాట

ఆ పూట మావారు మరొక ఆలోచన కూడా చెప్పినారు. బెంగుళూరులో ‘భోగ్యము’ అని ఒక పద్ధతి వున్నది. దానినే లీజు అనికూడా అంటారు. ఏ పదిహేను లక్షలో ఒక్కసారి యజమానికి యిస్తే, రెండు మూడేండ్లు నెలనెలా అద్దె లేకుండా వుండవచ్చును. పోయేటప్పుడు సొమ్ము తిరిగి యిస్తారు. “నెలనెలా అద్దె దండుగ. కాలువ కిందిది అరెకరము అమ్మితే పిల్లకు మూడేళ్ళు బెంగ వుండదు” అని వారి వాదన.

మామగారు మంచముమీద లేచి కూర్చున్నారు. “ఒరే, మా నాయన యిక్కడికి వచ్చినప్పుడు అక్కడి రెండెకరాలు అమ్మిన డబ్బు మొలలో వున్నది. అంతా పెట్టి యిక్కడ భూమి కొనివుంటే మరో నాలుగెకరాలు వచ్చేవి. కొనలేదు. ముందు యేడాదికి సరిపడ గింజలు కొని గాదెలో పోసినాడు. తిరిగి పోవడానికి బండి ఖర్చు విడిగా మూట కట్టినాడు. మిగిలిన దానితోనే నేల కొన్నాడు. ఆ యేడు పండలేదు. గింజలున్నవి కాబట్టి నిలిచినాము. గింజలు లేనివాళ్ళు కొన్న నేల అమ్ముకొని వెళ్ళినారు” అన్నారు.

తరువాత ఫోను తీసుకొని, “తల్లీ, ఆ యిల్లు నీకు జీతమిచ్చేవాడికి దగ్గర, నీ జీతానికి దూరము. మూడు నెలలు యెక్కడైనా తల దాచుకో. వూరు నీకు తెలియాలి, నీవు వూరికి తెలియాలి. ఆపైన యిల్లు” అని చెప్పినారు.

భోగ్యము సంగతి మేము తరువాత విచారించినాము. ఇల్లు బ్యాంకు అప్పులో వుండి, యజమాని అప్పు తీర్చకపోతే బ్యాంకువారు యింటిని వేలము వేస్తారు. సొమ్మిచ్చినవారు వీధిలో నిలబడతారు. కొరియా దేశములో ‘జాన్‌సే’ అని అచ్చముగా యిదే పద్ధతి వున్నది. అక్కడ 2022, 2023లలో యిండ్ల ధరలు పడిపోయి, యజమానులు సొమ్ము తిరిగి యివ్వలేక, కుర్రవాండ్రు యెందరో జీవితాంతము కూడబెట్టినది పోగొట్టుకొన్నారు. అరెకరము మాకు మిగిలినది.

మూడు నెలల మజిలీ

అమ్మాయి పీజీలో చేరినది. బెంగుళూరులో తెలుగువారు నడిపే పీజీలు చాలా వున్నవి. గదికి ముగ్గురు, భోజనముతో సహా నెలకు 9,500. పప్పులో నీళ్ళు యెక్కువనీ, స్నానానికి వరుస కట్టాలనీ మొదటి నెలంతా ఫిర్యాదులే. కాని ఆ కాలములో అది నేర్చినది తక్కువ కాదు. ఏ పేటనుండి మెట్రో నడిచిపోయే దూరములో వున్నదో చూచినది. ఏ అపార్టుమెంటుకు కావేరి నీరు వస్తుందో, యేది ట్యాంకర్లమీద బ్రతుకుతుందో తెలుసుకొన్నది. 2024 వేసవిలో బెంగుళూరు నీటికి పడిన అవస్థ తెలిసినవారికి ఆ ప్రశ్న విలువ తెలుస్తుంది. అన్నిటికంటె ముఖ్యముగా, ఆఫీసులో యిద్దరు నమ్మకమైన స్నేహితురాండ్రు దొరికినారు.

డిసెంబరులో ముగ్గురూ కలిసి రెండు పడకగదుల యిల్లు తీసుకొన్నారు. అద్దె 30,000, మెయింటెనెన్సు 3,000. అడ్వాన్సు ఐదు నెలలు, 1,50,000; తలకు 50,000. ఆ యాభైవేలు అమ్మాయి తన జీతములో మిగిల్చినదే. బ్రోకరు లేడు, పీజీలో వుండగా పరిచయమైన ఒకావిడ ద్వారా యిల్లు కుదిరినది. మా యెరువుల డబ్బు యెరువులకే పోయినది.

అప్పటినుండి అమ్మాయి వ్రాసి వుంచుకొన్న నెలసరి లెక్క యిది. అందరికీ యిదే సరిపోతుందని కాదు. యే పద్దులు మరువకూడదో తెలుస్తుందని యిస్తున్నాము.

అద్దెలో తన వంతు: రూ. 10,000
మెయింటెనెన్సు వంతు: రూ. 1,000
కరెంటు, గ్యాసు, ఇంటర్నెట్టు: రూ. 1,200
పనిమనిషి: రూ. 800
పాలు, కూరలు, సరుకులు: రూ. 5,000
ఆఫీసుకు రాకపోకలు: రూ. 3,000
ఫోను, మందులు, బట్టలు, చిల్లర: రూ. 4,000
వూరికి ప్రయాణాలు, పండుగలు: రూ. 2,500
ఇల్లు మారే నిధి: రూ. 2,500
పొదుపు: రూ. 15,000
మొత్తము: రూ. 45,000

మొదటి నాలుగు పద్దులూ కలిపితే 13,000. నూటికి యిరవైతొమ్మిది. అద్దె ఆదాయములో నూటికి ముప్పయి దాటకూడదని పత్రికలలో తరచు చదువుతాము. ఆ అంకె యెక్కడిదని విచారిస్తే, అమెరికాలో ప్రభుత్వపు యిండ్లలో వుండే పేదవారి అద్దెకు పెట్టిన హద్దు అది. 1969లో నూటికి యిరవైఐదు అన్నారు. 1981లో ముప్పయి చేసినారు. అది దేవుడు గీసిన గీత కాదు. ఇంటికి డబ్బు పంపవలసిన పిల్లకు ముప్పయి కూడా యెక్కువే కావచ్చును. దుప్పటి వున్నంతవరకే కాళ్ళు చాపుకోవాలి.

సరుకులలో బియ్యము లేదని గృహిణులు గమనించే వుంటారు. సింధనూరు సోనామసూరి బస్తా రాత్రి బస్సులో యిక్కడనుండే పోతుంది. కరెంటు పద్దు తక్కువగా వుండడానికి కారణము గృహజ్యోతి. కర్ణాటకలో 2023నుండి అమలులో వున్న యీ పథకము అద్దెకున్నవారికి కూడా వర్తిస్తుంది. మునుపు వున్నవారి ఆధారు తీయించి తమ ఆధారు చేర్పించుకోవలసిన పని మాత్రము పిల్లలదే.

ఇల్లు మారే నిధి

పై జాబితాలో అందరూ నవ్విన పద్దు యిది. చేరీ చేరకముందే మారే మాటేమిటని మేమూ అన్నాము. 2025 మే నెలలో ముగ్గురిలో ఒక పిల్లకు పుణెకు బదిలీ అయినది. కొత్త పిల్ల దొరికేవరకు రెండు నెలలు అద్దె, మెయింటెనెన్సు యిద్దరే పంచుకొన్నారు. ఒక్కొక్కరికి నెలకు 5,500 పైబడినది. ఆ పదకొండువేలూ నిధిలోనుండి వచ్చినవి. పొదుపు ముట్టుకోలేదు, మాకు ఫోను చేయలేదు. కలిసి వుండడము చవకే. కాని ఒకరు కదిలితే మిగిలినవారిమీద బరువు పడుతుందని ముందే లెక్కించుకోవాలి.

రెండవ దెబ్బ మా అశ్రద్ధవల్ల తగిలినది. ఒప్పందము పదకొండు నెలలకు వ్రాస్తారు. సంవత్సరము దాటిన కౌలుకు రిజిస్ట్రేషను తప్పదని 1908నాటి చట్టము చెబుతున్నది గనుక, ఆ బెడద లేకుండా పదకొండుకే ఆపుతారు. గడువు తీరి ఖాళీ చేసినప్పుడు యజమాని సున్నాలు, రంగులకని ఒక నెల అద్దె 30,000, వంటింటి తూము బాగుకు, గోడమేకులకు 4,500 తగ్గించి 1,15,500 చేతిలో పెట్టినాడు. ఒక్కొక్క పిల్లకు 11,500 పోయినది. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అని మేము మండిపడినాము. తీరా పత్రము తీసి చూస్తే, రంగులకు ఒక నెల అద్దె పట్టుకొంటామన్న షరతు నాలుగవ పుటలో స్పష్టముగా వున్నది. పిల్లలు చదువలేదు. పత్రము మాకు పంపినారు, మేమూ చదువలేదు. మేకులు, తూము అంతకుముందువే అని అమ్మాయి అన్నది; నిజమే కావచ్చును. చేరినరోజు ఫోటోలు తీసివుంటే ఆ మాట నిలిచేది.

కాబట్టి సంతకానికి ముందు యివి అడుగవలెను. అడ్వాన్సు యెన్నాళ్ళలో తిరిగి యిస్తారు? రంగులకు యెంత పట్టుకొంటారు? ఖాళీ చేయడానికి యెన్ని నెలలముందు చెప్పాలి? ఏటేటా అద్దె నూటికి యెంత పెరుగుతుంది? నీరు యెక్కడిది, ట్యాంకరు ఖర్చు యెవరిది? మాంసము వండకూడదనీ, చుట్టాలు రాకూడదనీ షరతులున్నవా? నోటితో చెప్పినది కాగితముమీద వున్నదా? చేరినరోజే గోడలు, కొళాయిలు, కిటికీలు, మీటరు అంకె ఫోటోలు తీసి యజమానికి కూడా పంపితే, పోయేరోజు తగవుండదు.

సముద్రాలు దాటినవారికి

మా బావగారి అబ్బాయి చదువుకు జర్మనీ వెళ్ళినాడు. అక్కడి ప్రభుత్వము విద్యార్థి ఖర్చుకు సంవత్సరానికి 11,904 యూరోలు ముందే బ్యాంకులో కట్టించి, నెలకు 992 చొప్పున వదులుతుంది. 2024 సెప్టెంబరులో పెట్టిన లెక్క యిది. అబ్బాయి 520 యూరోల గది ప్రకటన చూచి సంతోషించినాడు. అక్కడ అద్దెలు రెండు విధాలట. చల్లని అద్దె అంటే గోడలకు మాత్రమే. వెచ్చని అద్దె అంటే వేడికి, నీటికి, చెత్త తీయడానికి కలిపి. 520 చల్లనిది, వెచ్చనిది 660. ఆరోగ్య బీమా కట్టిన తరువాత తిండికీ, తిరుగుళ్ళకూ మిగిలేది రెండువందల లోపే. డిపాజిట్టు మూడు నెలల చల్లని అద్దెవరకు అడుగవచ్చును. అంటే 1,560 యూరోలు విడిగా పట్టుకొని పోవాలి. దానిని మూడు వాయిదాలలో కట్టే హక్కు అద్దెదారుకు వున్నదని మాత్రము చాలామంది మనపిల్లలకు తెలియదు. మరొక వింత: అక్కడ చాలా యిండ్లలో వంటింటికి గోడలే వుంటవి. పొయ్యి, తొట్టి, బీరువా, ఒక్కొక్కచోట దీపాలు కూడా మనమే తెచ్చుకోవాలి!

అబ్బాయి విద్యార్థి వసతిగృహానికి దరఖాస్తు పెట్టి వరుసలో నిలబడినాడు. ఈలోగా ఒకడు చవకలో యిల్లున్నదనీ, తాను పరదేశములో వున్నాననీ, డిపాజిట్టు పంపితే తాళాలు టపాలో పంపుతాననీ వ్రాసినాడట. అబ్బాయి ఆ సంగతి ఫోనులో చెప్పగా మామగారు ఒకటే అడిగినారు: “చూడని పొలానికి బయానా యిస్తామురా?” అబ్బాయి పంపలేదు. ఆ విధముగా మోసపోయినవారు ప్రతి దేశములోనూ వున్నారు.

న్యూయార్కులో లెక్క మరొకటి. నెల అద్దెకు నలభైరెట్లు వార్షికాదాయము వుండాలని అక్కడి యజమానులు సాధారణముగా అడుగుతారు. 3,000 డాలర్ల యింటికి 1,20,000 డాలర్ల జీతము. లేకపోతే పూచీదారు కావాలి, అతనికి యెనభైరెట్లు. డిపాజిట్టు ఒక నెలకు మించకూడదని 2019లో అక్కడ చట్టము చేసినారు. అయినా అప్పు తీసుకొని తీర్చిన చరిత్ర ఆ దేశములో లేనివానికి యిల్లు దొరకడము కష్టము. జేబులో డబ్బున్నా, చెప్పే నోరు లేదు.

ఇదంతా చూచిన తరువాత మాకు తోచినది యేమంటే, పరాయివాడు కట్టే అడ్వాన్సు, బ్రోకరు సొమ్ము, పూచీ, యివన్నీ యింటికి అద్దె కావు. తన్ను యెవరూ యెరుగనందుకు కట్టే కప్పము. మా మామగారి తండ్రి కౌలుకు అడిగిన మొదటి యేడు, తుర్విహాళలో ఆయనకు పూచీ వుండేవారు లేక, గింజలు ముందే కొలిచి యిచ్చినారట. రెండవ యేడు పక్కపొలపు కన్నడ రైతు, “వీరిని నేనెరుగుదును” అన్నాడు. ఆ యేడు ముందు కొలవనక్కరలేకపోయినది. అమ్మాయికి డిసెంబరులో బ్రోకరు ఖర్చు తప్పినది కూడా అటువంటి మాటవల్లనే.

కనుక మన సంఘమువారికి ఒక విన్నపము. ఏ పట్నములో మన కుటుంబాల పిల్లలు వున్నారో, వారిలో కొత్తగా వచ్చేవారికి వారము పది రోజులు చోటు యివ్వగలవారెవరో, యిల్లు చూచి చెప్పగలవారెవరో, ఒక చిట్టా వ్రాసి వుంచితే బాగుంటుంది. దానికి ఖర్చు లేదు. ఒక్కొక్క పిల్లకు వేలరూపాయలు మిగులుతవి.

ఈ జూన్‌లో పక్క క్యాంపునుండి యిద్దరు ఆడపిల్లలు బెంగుళూరు వెళుతున్నారు. మొదటి పదిరోజులు తమ గదిలోనే వుండమని మా అమ్మాయి చెప్పినది. మామగారు విని, “అయితే యీసారి రెండు బస్తాలు పంపండి” అన్నారు.